బడి పట్టీలో పేరు



గత సంచిక మీ లైన్లకు చేరిన పిమ్మట మాకు వచ్చిన ఉత్తరములలో ఒకటి ఒక తల్లి వ్రాయించినది. ఆమెకు చదువు రాదు. పొరుగింటి పిల్లవానిచేత వ్రాయించినట్లు దస్తూరి చూడగానే తెలియుచున్నది. ఆమె కుమార్తెకు పదునారేండ్లు. క్రిందటి వేసవిలో పెండ్లి చేసిరి. ఇప్పుడు ఆ పిల్లకు అయిదవ నెల. "పదవ తరగతి పరీక్ష దగ్గర పడుచున్నది. అమ్మాయి బడికి పోయెదనని ఏడ్చుచున్నది. కడుపుతో నున్న పిల్లను పంపవచ్చునా అయ్యా? పంపినచో బడివారు రానిత్తురా?" అని ఆమె అడిగినది.

పదునారేండ్ల పిల్లకు పెండ్లి చేయుట తప్పు. అది చట్టమునకును విరుద్ధము. ఆ మాట ఆ తల్లికి చెప్పక తప్పదు. అయితే ఆ ఒక్క మాట చెప్పి, ఆమె అడిగిన దానిని దాటవేయుట న్యాయము కాదు. పెండ్లి జరిగిపోయినది. బిడ్డ రానున్నది. ఇక మిగిలినది ఆ పిల్ల చదువు.

జవాబు వ్రాయుటకు ముందు ఒక సంగతి ఒప్పుకొనవలసి యున్నది. ఈ శీర్షిక వ్రాయు మాలో ఒకడు ఇరువది యేండ్లకు పూర్వము ఒక తోట బడిలో ఉపాధ్యాయుడుగా నుండెను. ఎనిమిదవ తరగతిలో లెక్కలు బాగుగా చేయు బాలిక యొకతె యుండెను. ఆమె కొన్ని దినములు రాలేదు. కడుపుతో నున్నదని లైనువారు చెప్పిరి. ఆ సాయంకాలమే ఆ ఉపాధ్యాయుడు ఎఱ్ఱ సిరాతో హాజరు పట్టీలో ఆమె పేరు కొట్టివేసి, ప్రక్కను "మానివేసినది" అని వ్రాసెను. అట్లు చేయుమని అతనికి ఎవరును చెప్పలేదు. ఆమె మానివేయను లేదు. మరుసటి సంవత్సరము బిడ్డను చంకనెత్తుకొని వచ్చి, బడి వరండాలో నిలువబడి, వెనుక బల్లమీద కూర్చుండవచ్చునా అని అడిగినది. "ఇక నీకెందుకమ్మా చదువు" అని అతడు నవ్వుచు పంపివేసెను. ఆమె నేటికిని ఆకు కోయుచున్నది. మాకు వచ్చిన ఉత్తరమును అతడు చదివి, చాలసేపు మాటలాడలేదు. ఈ మాసము శీర్షిక ఈ విషయముపై వ్రాయవలెనని పట్టుబట్టినవాడు అతడే.

ఇదే ప్రశ్న అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యాయస్థానముల వరకు పోయినది. అక్కడ ఏమి జరిగినదో తెలిసికొనుట మనకు మేలు. అది ధనవంతుల దేశము, మన తోటలకు దానితో పని యేమి అని మీరనవచ్చును. కొంచెము ఓపిక పట్టుడు.

ఏబది అరువది యేండ్ల క్రిందట ఆ దేశపు బడులు సైతము మన ఉపాధ్యాయుడు చేసినట్లే చేయుచుండెను. బాలిక గర్భవతియని తెలిసినంతనే ఇంటికి పంపుట అనేక స్థలములలో వాడుక. మస్సాచుసెట్స్ రాష్ట్రములో నార్త్ మిడిల్‌సెక్స్ అను ప్రాంతపు హైస్కూలులో దీనికి వ్రాతపూర్వకమైన నియమమే యుండెను. పెండ్లికాని బాలిక గర్భవతియని తెలిసిన యెడల వెంటనే ఆమెను బడినుండి తొలగింపవలెనని దాని భావము. 1971వ సంవత్సరమున కడపటి తరగతి చదువుచున్న ఒక బాలికకు ఈ నియమము వర్తింపజేసిరి. బడి ముగియుటకు కొలది మాసములే యున్నవి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. ప్రధానోపాధ్యాయుడు ఆమెను పూర్తిగా వెళ్లగొట్టలేదు. మధ్యాహ్నము బడి విడిచిన పిమ్మట ఆమె వచ్చి పుస్తకములు చదువుకొనవచ్చును, ఉపాధ్యాయులను సందేహములు అడుగవచ్చును, ఇంటియొద్ద ఉచితముగా పాఠము చెప్పించుకొనవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును. తక్కిన పిల్లలున్న వేళ మాత్రము కనబడరాదు. చూడుడు, ఇది దయవలె కనబడును. మేమును దయయనియే అనుకొని యుందుము. అయితే ఆ పిల్లకు తెలిసినది వేరు: తనను చూచుటకు బడి సిగ్గుపడుచున్నదని. ఆమె కోర్టుకు పోయెను.

వైద్యులు వచ్చి సాక్ష్యమిచ్చిరి. గర్భిణి తరగతిలో కూర్చుండుటవలన ఆమె ఆరోగ్యమునకు హాని యేమియు లేదనిరి. కఠినమైన కసరత్తు మాత్రము తగదనిరి. ఆమె యుండుటవలన ఇతర పిల్లలకు గాని బడి క్రమమునకు గాని కలిగిన చెరుపేమో చూపుమన్నచో బడివారు చూపలేకపోయిరి. చదువు పొందు హక్కు ప్రతి మనుష్యునికి చెందిన ముఖ్యమైన స్వాతంత్ర్యమని చెప్పి, ఆమెను మరల తరగతిలో చేర్చుకొనవలెనని జడ్జి ఉత్తరువు చేసెను.

అంతకు రెండేండ్లు ముందు, 1969లో, మిసిసిపీ రాష్ట్రమున గ్రెనాడా పట్టణమునను ఇట్టి వ్యాజ్యమే జరిగెను. పెండ్లికాని తల్లులు కేవలము తల్లులైనందున బడినుండి బహిష్కరింపబడరాదని అక్కడి న్యాయాధిపతి చెప్పెను. అయితే సరియైన విచారణ చేసి, ఆమె రాకవలన ఇతరులు చెడిపోవునంతటి దుర్నడత ఆమెయందున్నదని తేలిన యెడల మాత్రము త్రోసివేయవచ్చునని ఒక సందు విడిచెను. మాకు ఆ సందు నచ్చలేదు. బిడ్డకు తండ్రియైన బాలుని నడతను ఆ బడులలో విచారించిన వారెవరు?

బాలికల సంగతి అట్లుండగా, ఉపాధ్యాయినులనే విడువలేదు. ఒహాయో రాష్ట్రములో క్లీవ్‌లాండ్ నగరపు బడులయందు గర్భవతియైన పంతులమ్మ ప్రసవమునకు అయిదు మాసములు ముందుగానే జీతములేని సెలవుపై ఇంటికి పోవలసి యుండెను. 1974 జనవరిలో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నియమమును కొట్టివేసెను. అట్టి నియమము పుట్టినప్పుడు చెప్పుకొన్న కారణములలో ఒకటి, పెద్ద కడుపు చూచి పిల్లలు నవ్వుదురని! ఇంట తల్లిని, పెద్దమ్మను, పిన్నిని గర్భవతులుగా చూచుచు పెరిగిన పిల్లలు బడిలో పంతులమ్మను చూచి ఏమి చెడుదురో మాకు తెలియదు.

ఇక మన తోటలకు దగ్గరి సంగతి చెప్పెదము.

పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయి ద్వీపములు కలవు. అక్కడ విస్తారమైన చెరకు తోటలుండెడివి. చీనా, జపాను, పోర్చుగల్, ఫిలిప్పీను దేశములనుండి కూలీలను ఓడలలో తెచ్చిరి. ఒక్కొక్క జాతివారికి ఒక్కొక్క క్యాంపు కట్టిరి. కూలీకి ఒక లోహపు బిళ్ల ఇచ్చెడివారు, దానిమీద అంకె. దానిని బాంగో అనిరి. జీతమిచ్చు నాడు పేరు కాదు, అంకెయే పిలుచువారు. గుఱ్ఱమెక్కి తిరుగు పైవానిని లూనా అనిరి. మన పెద్దలు మస్తరు సంగతులు చెప్పగా విన్నవారికి ఇది క్రొత్త కథ కాదు.

ఆ ద్వీపములలో మావీ యను దానియందు హమాకువపోకో అను తోట క్యాంపులో 1927వ సంవత్సరమున ప్యాట్సీ టాకెమోటో పుట్టెను. ఆమె పెద్దలు జపానునుండి వచ్చినవారు. తండ్రి సర్వే పని నేర్చినవాడగుటచేత కూలి కంటె కొంత మెరుగైన బ్రతుకు. ఆమె మావీ హైస్కూలులో విద్యార్థి సంఘమునకు అధ్యక్షురాలయి, 1944లో తరగతికి మొదటిదిగా ఉత్తీర్ణురాలయ్యెను. వైద్యురాలు కావలెనని ఆమె కోరిక. పండ్రెండు వైద్య కళాశాలలకు పైగా వ్రాసికొనగా, ఒక్కటియు చేర్చుకొనలేదు. ఆడుదానికి చోటు లేదనిరి. అప్పుడు న్యాయశాస్త్రము చదివి, 1951లో షికాగో విశ్వవిద్యాలయమునుండి పట్టము పొందెను. జాన్ మింక్ అనువానిని వివాహమాడి, ఒక ఆడుబిడ్డకు తల్లియయ్యెను. పని యిమ్మని అడుగబోయిన చోట, పెండ్లయినదానవు, బిడ్డ గలదానవు, ఇంట నుండుము అనిరి. ఆ ప్యాట్సీ మింక్ 1964లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యెను. తెల్లజాతికి చెందని స్త్రీ ఆ సభలో కూర్చుండుట అదే మొదలు.

1972 జూన్ 23వ తేదీన ఒక శాసనముపై అధ్యక్షుడు నిక్సను సంతకము చేసెను. దాని తొమ్మిదవ భాగమును "టైటిల్ నైన్" అందురు. ప్రభుత్వపు సొమ్ము పుచ్చుకొను ఏ విద్యాలయమందును ఆడ మగ అను భేదముచేత ఎవరిని త్రోసివేయరాదని దాని సారము. దీనికై పాటుపడిన వారిలో ప్యాట్సీ మింక్ ఒకతె. ఒరెగాన్ రాష్ట్రపు ఈడిత్ గ్రీన్ అను స్త్రీయు, ఇండియానా రాష్ట్రపు సెనేటరు బర్చ్ బై యును తక్కిన ముఖ్యులు. 2002లో ప్యాట్సీ మింక్ మరణించిన పిమ్మట కాంగ్రెసు ఆ శాసనమునకు ఆమె పేరే పెట్టెను.

శాసనములో గర్భము అను మాటయే లేదు. అది 1975 జులై 21న అమలులోనికి వచ్చిన నిబంధనలలో చేర్చబడినది. గర్భము, ప్రసవము, గర్భము పోవుట, వాటి తరువాతి బలహీనత, వీనిలో దేనిని కారణముగా చూపియు బాలికను తరగతినుండి గాని ఆటపాటలనుండి గాని తీసివేయరాదు. ఇతర వ్యాధిగ్రస్తులను అడుగని వైద్యుని పత్రమును ఆమెను మాత్రము అడుగరాదు. గర్భవతులకు వేరు బడి పెట్టవచ్చును గాని, అందు చేరుట ఆమె ఇష్టము. ఆ బడి చదువు తక్కిన బడులతో సమానముగా నుండవలెను. వైద్యుడు ఎంతకాలము అవసరమనునో అంతకాలము సెలవు ఈయవలెను. ఆమె తిరిగి వచ్చినప్పుడు, సెలవు పుచ్చుకొన్ననాడు ఏ స్థితిలో నుండెనో ఆ స్థితిలోనే చేర్చుకొనవలెను. ఈ కడపటి మాట ఇంకొకసారి చదువుడు. సెలవు వేరు, మానివేయుట వేరు. మన హాజరు పట్టీలో ఎఱ్ఱ సిరాతో పడిన గీత ఈ రెంటి భేదము తెలియనందునే పడినది.

ఆ జులై మాసముననే జరిగిన ఒక సంగతి చెప్పకుండ నుండలేము. ఆ నిబంధనలలో ఆటల విషయమును, కసరత్తు తరగతుల విషయమును బలహీనపరచుటకు సభలో ఒక సవరణ వచ్చెను. ప్యాట్సీ మింక్ దానిని ఎదిరించుచుండెను. ఓట్లు తీయు వేళకు, ఆమె కుమార్తె మోటారు ప్రమాదములో తీవ్రముగా గాయపడెనని కబురు వచ్చెను. ఆమె అన్నియు విడిచి బిడ్డ యొద్దకు పరుగెత్తెను. ఆమె పక్షము ఒక్క ఓటుతో ఓడెను. ఆమె ఏల వెడలిపోయెనో సభకు తెలిసిన పిమ్మట, కొలది దినములలోనే మరల ఓట్లు తీసిరి. ఈ మారు ఆమె పక్షము గెలిచెను.

శాసనము వచ్చినంతనే అంతయు చక్కబడెనని అనుకొనకుడు. కెంటకీ రాష్ట్రములోని గ్రాంట్ కౌంటీలో 1998లో ఇద్దరు బాలికలను, మంచి మార్కులున్నను, చదువులో శ్రేష్ఠులైనవారి గౌరవ సంఘమున చేర్చుకొనలేదు. ఒకతె గర్భవతి, ఒకతె అప్పటికే తల్లి. శీలము చాలదనిరి. బాలురను ఎవరును అట్లు అడుగలేదు. కోర్టు ఆ ఇద్దరిని చేర్చుకొనుమని ఆజ్ఞాపించెను. శాసనము వచ్చి అప్పటికి ఇరువదియారేండ్లు! 2024లో బిడ్డకు పాలిచ్చు తల్లులకు ప్రత్యేక స్థలము మొదలైనవి చేర్చుచు క్రొత్త నిబంధనలు చేసిరి. 2025 జనవరిలో ఒక కోర్టు, వేరు కారణములచేత, వానినన్నిటిని కొట్టివేసెను. 1975 నాటి మాటలు మాత్రము నిలిచియున్నవి. మరియొక సంగతి దాచరాదు: మత సంస్థల చేతిలోనున్న విద్యాలయములు, ఈ నియమము తమ మతమునకు విరుద్ధమైన మేరకు, దానినుండి మినహాయింపు పొందవచ్చును. మిషను బడులలో చదివి, మిషను బడులలో చెప్పిన మాకు ఈ వాక్యము వ్రాయుట సంతోషకరము కాదు.

తలుపు తెరచియున్నంత మాత్రమున బిడ్డతల్లి లోపలికి రాగలదా? బిడ్డను ఎవరు పట్టుకొందురు? ఆ దేశమున పందొమ్మిదేండ్ల లోపల తల్లులైన వారిలో ఇరువదిరెండేండ్లు వచ్చునప్పటికి హైస్కూలు ముగించినవారు ఇంచుమించు సగము మందియే. తక్కిన స్త్రీలలో నూటికి తొంబదిమంది. బాల్యములో తల్లులగుట అక్కడ చాల తగ్గిపోయినది: 1991లో పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల ఆడుపిల్లలు వేయిమందికి దాదాపు 62 కాన్పులుండగా, 2023 నాటికి 13కు వచ్చెను. అయినను తల్లియైన పిల్లకు కష్టము తగ్గలేదు. అందుచేత కాలిఫోర్నియా రాష్ట్రము 2019 జనవరినుండి విద్యార్థులైన తలిదండ్రులకు ఎనిమిది వారముల సెలవును, నాలుగేండ్లలో చదువు ముగియనిచో అయిదవ యేడును ఇచ్చుచున్నది. బిడ్డకు జ్వరమువచ్చి తల్లి బడికి రానిచో వైద్యుని చీటీ తెమ్మని అడుగరాదు.

డెట్రాయిట్ నగరములో క్యాథరిన్ ఫెర్గుసన్ అకాడమీ అను ప్రభుత్వ పాఠశాల యుండెడిది. గర్భవతులును తల్లులునైన బాలికలకే ఏర్పడిన బడి. అసెనత్ ఆండ్రూస్ అను నామె ప్రధానోపాధ్యాయిని. బిడ్డలకు ఊయలలున్న గది అదే కట్టడములో నుండెను. తల్లి ఒక గదిలో లెక్కలు చేయుచుండగా బిడ్డ ప్రక్క గదిలో నిద్రించును. ఆటస్థలమును దున్ని తోట వేసిరి. మేకలు, కోళ్లు, కుందేళ్లు, తేనెటీగలు, ఒక గుఱ్ఱము! పాలు పితుకుట, ఎరువు వేయుట, కూరలు అమ్ముట, అన్నియు చదువులో భాగమే. పై కళాశాలలో చోటు దొరకినదని పత్రము తెచ్చిన గాని ఇక్కడ చదువు ముగిసినట్లు కాదని ఆమె నియమము. మన పిల్లలు తోటలో పుట్టి తోటను చూచి పారిపోవలెనని కోరుదురు. ఆ నగరపు పిల్లలకు మేక పాలు పితుకుట గర్వకారణమయ్యెను. నగరమునకు డబ్బు చాలక 2011లో దానిని మూయబోగా, ఆ తల్లులు బడిలోనే కూర్చుండి కదలమనిరి. పోలీసులు వారిని పట్టుకొనిపోయిరి. బడి చేతులు మారి మూడేండ్లు నడిచి 2014లో మూతపడెను.

ఆ బడికి పేరిచ్చిన క్యాథరిన్ ఫెర్గుసన్ బానిసగా పుట్టిన స్త్రీ. ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లిని అమ్మివేసిరి. మరల ఆమెను చూడలేదు. తనకు కలిగిన ఇద్దరు బిడ్డలును చనిపోయిరి. న్యూయార్కు నగరములో బీదపిల్లలను చేరదీసి ఆదివారపు బడి పెట్టెను. దిక్కులేని పిల్లలు నలువదియెనిమిది మందిని, తెల్లవారిని నల్లవారిని కూడ, పెంచెను. ఆమెకు చదువుట రాదు.

మన దేశమునకు వత్తము. నిర్బంధ విద్యా హక్కు చట్టము 2009లో వచ్చినది. అది ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకే. పదునారేండ్ల పిల్ల దాని నీడలో లేదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర ప్రదేశమున పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల ఆడుపిల్లలలో నూటికి పండ్రెండు మందికి పైగా అప్పటికే తల్లులో గర్భవతులో అయియుండిరి. ఇంతమంది పేర్లు ఏ పట్టీలలో నుండి కొట్టివేయబడినవో!

1951 నాటి తోట కార్మికుల చట్టము, ఏబదిమంది స్త్రీలు పనిచేయు తోటలో పిల్లలకు ఊయల గది యుండవలెనని విధించెను. ఆకు కోయు తల్లి బిడ్డను అక్కడ దించి పనికి పోవును. పుస్తకము పట్టిన తల్లి బిడ్డను దించుటకు మాత్రము చోటు లేదు. తోట ఆఫీసువారిని, బడివారిని కలిసి అడిగిన యెడల ఆ గదిలోనే ఒక ఊయల దొరకదా?

అమ్మా, మీ ఉత్తరమునకు జవాబిది. అమ్మాయిని బడికి పంపుడు. ఆసుపత్రి నర్సమ్మను ముందుగా చూపించి, నడచుటకును కూర్చుండుటకును అడ్డులేదని అడిగి తెలిసికొనుడు. బరువులు మోయనీయకుడు; మధ్యాహ్నము తినుటకు ఏదైన కట్టి పంపుడు. బడివారు వద్దన్నచో, గర్భవతిని తీసివేయుమను నియమము ఎక్కడ నున్నదో వ్రాతలో ఇమ్మని అడుగుడు. మా ఇన్నేండ్ల పనిలో అట్టి వ్రాతను మేము చూడలేదు. ఓపెన్ స్కూలులో చేర్చుమని ఎవరైన సలహా ఇత్తురు. అది మంచిదే, అమ్మాయి తానే కోరిన యెడల. ఆమెను కంటబడకుండ చేయుటకై ఇచ్చు సలహాయైనచో, మస్సాచుసెట్స్ ప్రధానోపాధ్యాయుడు చూపిన మధ్యాహ్నపు దయవంటిదే. కాన్పు పరీక్షకు ముందే వచ్చినచో, పట్టీలో "సెలవు" అని వ్రాయుమని అడుగుడు, "మానివేసినది" అని వ్రాయనీయకుడు. హాజరు తక్కువైనచో వైద్యుని పత్రముతో మినహాయింపు అడుగవలెను. అల్లునికిని ఈ పత్రిక చదివి వినిపింపుడు. రాత్రి బిడ్డను ఎత్తుకొనుటకు అతనికిని చేతులున్నవి.

మీ ఉత్తరములో తోట పేరు వ్రాయలేదు. వ్రాసిన యెడల, పైన చెప్పిన ఆ ఉపాధ్యాయుడు వచ్చే ఆదివారము పిమ్మట బయలుదేరి వచ్చి ప్రధానోపాధ్యాయునితో తానే మాటలాడెదనని చెప్పుచున్నాడు. లెక్కల పాఠములు ఎంతవరకు అయినవో అమ్మాయిని ఒక కాగితముమీద వ్రాసి యుంచుమనుడు.